భుజానికి కుదిరిన తుపాకి

కిందటి వారం ఎల్డా హాగెన్‌ను గొర్రెల దొడ్లో, కంచె గుంజలు దిగ్గొట్టే సమ్మెట చేతిలో పట్టుకుని ఉండగా విడిచిపెట్టాం. తెల్లవారుతూనే దిక్కులేని కుక్కల గుంపొకటి ఈనిన గొర్రెల మీద పడింది. పొట్ట చీలిన ఒక తల్లిగొర్రె చావలేక బతకలేక కాళ్లు కొట్టుకుంటుంటే, దాని బాధ తీర్చడానికి ఆ ఇంట్లో తుపాకి అన్నది లేదు.

పోయిన జూన్‌లో ఆమె భర్త హార్లన్, మంచు కరిగి పొంగిన బ్యాడ్జర్ వాగు దాటబోయి పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల మోటారు బండితో సహా కొట్టుకుపోయాడు. బండికి కట్టి ఉండే కింది పిడి లాగి తూటా ఎక్కించే ఆయన పాత లీవర్ తుపాకి కూడా వాగుపాలైందని మరిది రాయిస్ చెప్పాడు. అంత్యక్రియలు కాగానే ఇంట్లో మిగిలిన రెండు తుపాకులూ అతనే పట్టుకుపోయాడు. "మనసు బాగోలేనిదానివి వదినా, ఇవి నీ దగ్గర ఉండకూడదు" అన్నాడు. ఆ రోజు ఎల్డా అడ్డు చెప్పలేదు. ఈ రోజు సమ్మెట కడిగి, చేతులు కడుక్కుని, మందను కాపరి ఎలీసియోకు అప్పగించి, హార్లన్ పికప్ ట్రక్కులో ఊళ్లోకి బయలుదేరింది.

వెండెల్ కొట్టులో ఓ పక్క గేలాలు, పశువుల ఉప్పుదిమ్మలు, ఇంకో పక్క తుపాకులు ఉంటాయి. మధ్యలో ఇనప పొయ్యి, దాని మీద పొద్దున్నించీ మరుగుతున్న కాఫీ. వెండెల్, ఎల్డా ఒకే స్కూలు బస్సులో పెరిగినవాళ్లు. ఆమె కోటు చేతి మీద ఎండిన నెత్తుటి చారిక అతని కంటపడింది. కాఫీ పోసి ముందు పెట్టాడు.

"తుపాకి కావాలి. లీవర్‌ది. పొద్దున సమ్మెటతో చంపాను వెండెల్, గొర్రెని. రెండు దెబ్బలు పట్టింది. మొదటి దెబ్బకి నా మొహంలోకి చూసింది."

వెండెల్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "దేనికి వాడతావో చెప్పు. దాన్నిబట్టి చూద్దాం."

"దేనికంటే ఏం చెప్పను? కుక్కలొస్తాయి, నక్కలొస్తాయి. గడ్డిమోపు కింద గిలక పాము ఉంటుంది. కాలు విరిగిన గొర్రె ఉంటుంది. రోజంతా ట్రక్కు సీటు వెనక పడి ఉండాలి, దుమ్ము తినాలి, వానకి తడవాలి, తీసినప్పుడు పేలాలి. ఆదివారం మనసు బాగుంటే కంచె మీద డబ్బాలు పెట్టి కొట్టుకుంటాను. అంతే. గోడకి తగిలించుకుని చూసుకోడానికి కాదు."

వెండెల్ ముందు తీసింది లావుపాటి గొట్టం ఉన్నది. తూటా చూస్తే బొటనవేలంత ఉంది. "దీంతో ఎలుగుబంటి నిలబడ్డచోటే కూలుతుంది."

"ఎలుగుబంటితో నాకే గొడవా లేదు. దాన్ని పేలిస్తే ముందు నా భుజం కూలుతుంది. లోపల పెట్టు."

తర్వాతది ఒళ్లంతా నల్లగా, ప్లాస్టిక్‌తో, దీపాలూ దుర్భిణీలూ తగిలించుకోడానికి గాడులతో ఉంది. ఎల్డా దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఇది తుపాకా, క్రిస్మస్ చెట్టా?"

వెండెల్ నవ్వాడు. చాలా నెలల తర్వాత ఈ కొట్టులో ఆమె నోట ఎకసెక్కం విన్నాడు. ఉత్సాహంగా సన్న తూటాల చిన్న ట్వంటీటూ తుపాకి తీసి ఇచ్చాడు. అది దూదిపింజలా తేలిగ్గా ఉంది. పాములకీ డబ్బాలకీ బంగారంలా పనికొస్తుంది, దగ్గర్నించి గొర్రె బాధా తీరుస్తుంది. కానీ దొడ్డి అవతలి కంచె దగ్గరున్న పెద్ద కుక్క సంగతి?

"తగులుతుంది, పడదు. గాయంతో పారిపోయి ఎక్కడో పొదలో చస్తుంది" అన్నాడు వెండెల్ నిజాయితీగా.

"అలాంటి చావు ఇవాళ ఒకటి చూశాను. చాలు."

అప్పుడు తీశాడు పొట్టి గొట్టం ఉన్న తుపాకి ఒకటి. రివాల్వర్‌లో వేసే త్రీ ఫిఫ్టీసెవెన్ తూటాలే దీనికీ సరిపోతాయి. మెత్తటి రకం వేస్తే చప్పుడు తక్కువ, భుజానికి తన్ను తక్కువ. గట్టి రకం వేస్తే కంచె దాటిన కుక్కకి సరిపోతుంది. ఎల్డా లీవర్ కిందికి లాగి, లోపల ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, మళ్లీ మూసింది. ఉన్ని చేతితొడుగు వేసుకుని మళ్లీ లాగింది. లీవర్ కడియంలో వేళ్లు దూరాయి. పక్కనున్న చిన్న మూతలోంచి తూటా తోసి చూస్తే మాత్రం స్ప్రింగు మొండికేసింది. చలికాలమంతా వాచి ఉండే బొటనవేలు చురుక్కుమంది.

"దీనికి గొట్టం కింద నుంచి కూడా నింపుకోవచ్చు. ఇదిగో, ఈ కడ్డీ ఇలా తిప్పి లాగెయ్. వేలితో పనే లేదు" అని చూపించాడు వెండెల్.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ! ఇదే ఇవ్వు."

"భుజానికి ఆనే ఈ మడమ కాస్త పొడుగేమో నీకు. కోటు మీద ఇంకా పొడుగవుతుంది."

"అలవాటు చేసుకుంటాను. ఇన్ని అలవాటు చేసుకున్నాను, ఇదొక లెక్కా?"

కొనేవాళ్ల మీద కేసులేమైనా ఉన్నాయేమో కనుక్కోడానికి పై ఆఫీసుకు ఫోన్ చెయ్యడం రూలు. వెండెల్ ఫోన్ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అవతలివాళ్లు అతన్ని ఆగమన్నారు. ఎల్డా కాఫీ గ్లాసుతో గోడ పక్కన నడుస్తూ, పాత తుపాకుల వరస చివరికి వెళ్లింది. ఆఖరి కొయ్యకి ఒక లీవర్ తుపాకి వేలాడుతోంది. ముదురు ఎరుపు వార్నిష్ కొత్తగా మెరుస్తోంది గానీ ఇనుము పాతది. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉందని తీసింది. లీవర్ తెరిచి చూసి మూసి, భుజానికి ఎత్తింది.

అది వచ్చి ఆమె భుజంలో కూర్చుంది.

మెడ వంచక్కర్లేకపోయింది. మోచెయ్యి సాచక్కర్లేకపోయింది. కన్ను తనంతట తానే గురి మీదికి వెళ్లింది. పొట్టి మనిషి ఎల్డా. ప్రపంచంలో ఏ తుపాకీ ఆమెకి ఇలా కుదరలేదు, ఒక్కటి తప్ప. పెళ్లయిన మొదటి ఏడాది హార్లన్ తన నాన్న తుపాకి మడమని రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, ఆమె భుజానికి ఆనించి చూసి, మళ్లీ రుద్ది, ఆదివారం పూటంతా ఆమెని కుర్చీలోంచి కదలనివ్వలేదు. మడమ చివరి ఇనప రేకు బిగిస్తుంటే ఒక మరమేకు గడ్డిలో పడి పోయింది. కప్పు రేకులకి కొట్టే మొరటు మర ఒకటి తెచ్చి బిగించేశాడు. "ఇక ఇది నీది. నాకు ఇప్పుడు ఆటబొమ్మలా ఉంది" అని నవ్వాడు.

ఎల్డా తుపాకిని తలకిందులు చేసింది. ఇనప రేకుకి ఒక పక్క నాజూకు మర ఉంది, ఇంకో పక్క కప్పు రేకుల మర.

"సరేనన్నారు ఎల్డా, ఇక..." అంటూ ఫోన్ పెట్టేసి తిరిగిన వెండెల్ మాట అక్కడే ఆగిపోయింది.

ఆమె కేకలు వెయ్యలేదు. "ఎవరు తెచ్చారు?" అంది.

"ఎల్డా, ముందు కూర్చో."

"నిన్ను అడిగింది కుర్చీ కాదు."

వెండెల్ బల్లని పట్టుకున్నాడు. "రాయిస్. పోయిన ఏడు ఏప్రిల్‌లో. నాన్న తుపాకి, నా వాటాకి వచ్చింది అన్నాడు. అన్నదమ్ముల వ్యవహారం అనుకుని అడగలేదు."

"ఏప్రిల్‌లోనా! హార్లన్ పోయింది జూన్‌లో."

"అవును."

"తుపాకి బండితో పాటు కొట్టుకుపోయిందని రాయిస్ అన్నప్పుడు, నువ్వు పక్కనే ఉన్నావు."

అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పక్కన ఉండడమేంటి, నువ్వూ దిగావు కదా వాగులోకి! నడుం లోతు నీళ్లలో గడకర్ర పట్టుకుని పొడుస్తూ నడిచావు. 'ఇక్కడ లేదు ఎల్డా, అక్కడ చూద్దాం' అన్నావు. నీకు జలుబు చేస్తుందని నేను ఇంటికెళ్లి హార్లన్ ఉన్ని చొక్కా తెచ్చి ఇచ్చాను. అప్పటికి ఇది నీ కొట్టులో వేలాడుతోంది."

"గుర్తుపడతావని లోపలి గదిలో పెట్టాను. వార్నిష్ వేశాను. మొన్న సర్దుతూ మర్చిపోయి..." వెండెల్ తల అడ్డంగా ఊపాడు. "అన్నని పోగొట్టుకున్నవాడు అబద్ధమాడుతున్నాడంటే ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాను. ఆ రోజు నోరు విప్పలేదు. ఆ తర్వాత ఇక ఎలా విప్పాలో తెలీలేదు."

తలుపు గంట మోగింది. ఆమె ట్రక్కు బయట చూసి ఆగి ఉంటాడు, రాయిస్ లోపలికి వచ్చాడు. అన్నలాగే ఆజానుబాహువు, టోపీ తీస్తే నుదుటి పై సగం ఎండ తగలక తెల్లగా ఉంటుంది. నాలుగేళ్ల క్రితం భార్య మేవిస్ పోయాక గడ్డం సరిగ్గా గీసుకోవడం మానేశాడు. నవ్వబోయి, వదిన చేతుల్లో ఉన్నది చూశాడు.

"రా రాయిస్. మన వాగు ఎంత మంచిదో చూడు. తుపాకిని తీసుకెళ్లి, వార్నిష్ వేయించి మరీ తిరిగిచ్చింది."

"వదినా..."

"నాన్న సొత్తు, నీ వాటానా? అడిగితే ఇచ్చేదాన్ని కాదూ? దొంగతనంగా ఎత్తుకుపోయి అమ్ముకోవాల్సినంత ఏమొచ్చింది నీకు? పైగా ఇంటికొచ్చి మిగతావి కూడా పట్టుకుపోయావు. పొద్దున ఆ గొర్రె నన్నెలా చూసిందో నీకు చూపించగలిగితే బాగుండేది."

"ఏ మిగతావి?" అన్నాడు రాయిస్.

"ఏమీ తెలియనట్టు మాట్లాడకు! అంత్యక్రియలైన మర్నాడు నా ఇంట్లోంచి మోసుకెళ్లినవి."

అతను ఒక్క క్షణం కళ్లు చికిలించి, "ఆఁ, అవా" అన్నాడు. తర్వాత మొహం గట్టిపడింది. "నేను దొంగతనం చెయ్యలేదు. అన్నయ్యే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఏడాది నించి ఆ ఒట్టు మోస్తున్నాను. ఊళ్లో నువ్వు నన్ను ఏమేమి అన్నావో అన్నీ నా చెవినపడ్డాయి. మోశాను. ఇక మొయ్యను. వింటావా?"

"చెప్పు."

"పోయిన ఏడు ఈనిక రోజుల్లో, చీకటి విడకముందే నువ్వు దొడ్లోకి వెళ్లావు. అన్నయ్య పాత కోటు వేసుకుని వెళ్లావు. అతను లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. దొడ్లో ఎవరో మగవాడు నా గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు అనుకున్నాడు. తుపాకి తీశాడు. నీ వీపుకి గురి పెట్టాడు. తుపాకి సుత్తి వెనక్కి లాగి, పేల్చడానికి సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు వదినా, ఎంతసేపో అతనికే తెలీదు. నువ్వు కుక్కని పేరు పెట్టి పిలిచావట. ఆ గొంతు విని దించాడు."

 వెండెల్ తల వంచుకున్నాడు.

"అది ముసలితనపు మరుపు కాదు. బిల్లింగ్స్ పట్నంలో డాక్టరుకి చూపించాను. ఇంకా ఇంకా పోతుందన్నాడు. మనుషుల్ని పోల్చుకోలేడన్నాడు. అన్నయ్య తుపాకి తెచ్చి ఇచ్చి, 'దీన్ని నా ఇంట్లోంచి తీసుకుపో, నేను అడిగినా ఇవ్వకు, ఏడ్చినా ఇవ్వకు' అన్నాడు. బండికి ఖాళీ తుపాకి ఒర బిగించుకుని తిరిగాడు, నీకు అనుమానం రాకుండా."

ఎల్డాకు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఫ్రిజ్‌లో దొరికిన గొర్రెల కత్తెర. కూతురి పెళ్లిరోజు మర్చిపోయి, మర్చిపోయానని ఒప్పుకోక ఆయన వేసిన అలక. "బుర్ర ఎక్కడ పారేసుకున్నావయ్యా?" అని తాను కసిరిన మాట. ఒకసారి కాదు. ఆ వసంతమంతా కసురుతూనే ఉంది. కసిరినప్పుడల్లా ఆయన తలూపి, నవ్వేవాడు.

"నాకు చెప్పలేదు" అంది చివరికి.

"నువ్వు భయపడతావని..."

"నేనా? ఇరవై ఆరేళ్లు ఆ మనిషి పక్కన పడుకున్నాను. గురి పెట్టింది నా వీపుకి. తెలిసింది నీకు, డాక్టరుకి. సగం తెలిసి నోరు మూసుకున్నది ఇతను. నాకు తప్ప అందరికీ తెలుసు. నేను ఆ మూడు నెలలూ ఆయన్ని తిట్టాను రాయిస్! ఒక్క మాట చెప్పి ఉంటే తిట్టేదాన్ని కాదు. అదొక్కటైనా మిగిలేది నాకు."

"ఒట్టు వేశాను వదినా."

"ఒట్టు వేసినవాడివి దాచిపెట్టాలి. అమ్మావెందుకు?"

రాయిస్ టోపీ తీశాడు. టోపీ అంచు చేతుల్లో తిప్పాడు. "నా ఇంట్లో కూడా ఉండకూడదనిపించింది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, టోపీ పెట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. గంట మళ్లీ మోగింది.

వెండెల్ పాత తుపాకిని బల్ల మీద ఆమె వైపు జరిపాడు. "ఇది నీది ఎల్డా. ఊరికే తీసుకుపో. నేనేం చేసినా తప్పు తీరదనుకో..."

ఆమె మడమ మీద అరచెయ్యి ఆనించింది. ఆ ఆదివారం గరుకు కాగితం పొడి హార్లన్ కనురెప్పల మీద పడి ఉండడం కనిపించింది. చెయ్యి తీసేసింది.

"నాకు సరిగ్గా కుదిరేది ఇదొక్కటే, నిజం. నా వీపుకి గురి పెట్టింది కూడా ఇదే. ప్రతి పొద్దున దీన్ని ఎత్తినప్పుడల్లా ఆ గుమ్మంలో ఆయన నిలబడి కనిపిస్తాడు. వద్దు. ఆ పొట్టిది కట్టు. మెత్తటి తూటాలు ఒక పెట్టె, గట్టివి ఒక పెట్టె."

"మడమ కోసి సరిచేసి ఇవ్వనా?"

"నువ్వు నా తుపాకులకి చేసిన సేవ చాలు వెండెల్."

అతను తూటాల పెట్టెలు రెండు దించాడు. కట్టి ఇచ్చాడు. ఆమె ఇచ్చిన డబ్బు వద్దనబోయి, ఆమె మొహం చూసి తీసుకున్నాడు.

బయట వీధంతా కరిగిన మంచు, బురద. పెట్టె చంకలో పెట్టుకుని ట్రక్కు దగ్గరికి వచ్చిన ఎల్డా ఆగింది. పక్క సీట్లో రాయిస్ కూర్చుని ఉన్నాడు. అతని ట్రక్కు వీధి అవతల తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంజను ఆగలేదు.

క్షమించమని అడగడానికి కూర్చున్నాడనుకుంది. ఇప్పుడు ఆ మాట వినే ఓపిక ఆమెకు లేదు. తుపాకిని సీటు వెనక పెట్టి, ఎక్కి, తలుపు వేసింది. "దిగు రాయిస్. నీ బండి ఇంజను ఆపలేదు. వెళ్లి చూసుకో."

అతను దిగలేదు. అద్దంలోంచి కొట్టు వైపే చూస్తున్నాడు. మొహంలో ఇందాకటి కోపం లేదు, సిగ్గు లేదు. స్కూలు వదిలేదాకా బయట ఎదురుచూసే పిల్లాడిలా ఉన్నాడు.

"అన్నయ్య ఇంకా ఎంతసేపు?" అన్నాడు. "ఉప్పుదిమ్మలు కొనడానికి ఇంతసేపా? వెండెల్‌తో కబుర్లలో పడితే ఇక రాడు."

ఎల్డా తాళంచెవి మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎగతాళేమోనని అతని కళ్లలోకి చూసింది. వాటిలో ఎగతాళి లేదు. ఆ చూపు ఆమె ఎరిగినదే. పోయిన వసంతమంతా తన వంటింట్లో, తన బల్ల దగ్గర, తన ఎదురుగా కూర్చుని కనిపించిందే. అప్పుడు దాన్ని బద్ధకమనుకుని కసిరింది.

రాయిస్ ఆమె వైపు తిరిగి, మెత్తగా నవ్వి, ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు.

"మేవిస్" అన్నాడు, చచ్చిపోయిన తన భార్య పేరుతో. "వాగు దగ్గర జరిగింది వదినకి చెప్పకు. తెలిస్తే తట్టుకోలేదు. నువ్వు చెప్పవు కదూ?"

వీధి అవతల అతని ట్రక్కు ఇంజను అలా మోగుతూనే ఉంది. కొట్టు అద్దం వెనక వెండెల్ ఇటే చూస్తున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంటికి తీసుకెళ్లాలి. ఎవరినైనా పిలవాలి. అవన్నీ ఎల్డాకు తెలుసు. జబ్బు మనిషిని మోసం చెయ్యడం తప్పని కూడా తెలుసు.

అతని చేతిని తోసెయ్యలేదు. తన రెండో చెయ్యి దాని మీద వేసి, ఎప్పుడో విన్న మేవిస్ గొంతుని గుర్తు చేసుకుని, వీలైనంత నెమ్మదిగా అంది.

"చెప్పనులే. ఏం జరిగింది?"